భారతమ్మ కంగారుకు ఎన్ని పేర్లో

ఆకాశంలో అరచేయంత మబ్బు కనిపిస్తే ఆ ఊళ్లో రైతులు మబ్బు వంక చూడరు, భారతమ్మ కల్లం వంక చూస్తారు. అక్కడ ఆరబోసిన మిరపకాయల మీద అప్పటికే పట్టాలు పడుతూ ఉంటాయి. వాన వస్తుందో రాదో దేవుడికెరుక, భారతమ్మకు మబ్బు కనపడిందన్నది మాత్రం ఖాయం.

పినపాక దాటి గోదావరి వైపు పోతే ఆ ఊరు వస్తుంది. ఒక పక్క ఏటి ఒండ్రు నేలలు, ఇంకో పక్క అడవి. భారతమ్మ కంగారు మనిషని ఆ రెండు పక్కల వాళ్లకీ తెలుసు. భర్త చెంచురామయ్య పనిమీద భద్రాచలం వెళ్లి కాస్త ఆలస్యమైతే చాలు, దారిలో ఉన్న టీకొట్లన్నిటికీ ఆమె నుంచి ఫోన్లు వెళ్తాయి. ఒకసారి అశ్వాపురం దగ్గర కొట్టాయన, చెంచురామయ్య బండి స్టాండు వేయకముందే ఎదురొచ్చాడు. "అయ్యా, ముందుగాల ఇంటికి ఫోన్ కొట్టుండ్రి, చాయ్ తర్వాత తాగుదురు. అమ్మ నన్ను బతకనిస్తలేదు" అన్నాడు.

ఆమె పుట్టింది కృష్ణా జిల్లాలో. చుట్టూ వరిచేలు, కాలవలు, కూతవేటు దూరానికి ఒక ఊరు. పంతొమ్మిదేళ్లకు పెళ్లయి ఇక్కడికి వచ్చింది. చెంచురామయ్య వాళ్ల నాన్నగారు ఆ వైపు నుంచే వచ్చి ఇక్కడ పొలం కొని స్థిరపడ్డారు. కొత్త కోడలికి ఇక్కడి చీకటి కొత్త, అడవిలోంచి వచ్చే చప్పుళ్లు కొత్త, మనుషుల మాటా కొత్తే. పగలంతా పనిలో బాగానే ఉండేది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు లోపల ఏదో అయ్యేది. అదేమిటో ఆమెకే తెలిసేది కాదు.

"అత్తయ్యా, నాకేదోలా ఉంది" అనేది.

"ఏదోలా అంటే ఏంటే? కడుపునొప్పా, కాలునొప్పా?" అనేది అత్తగారు. ఆవిడ చెడ్డది కాదు. నొప్పి ఎక్కడో చెబితే వాము నీళ్లో, ఆముదమో ఇద్దామని ఆవిడ ఆరాటం. ఎక్కడా లేని నొప్పికి ఆవిడ దగ్గర మందు లేదు.

ఆ రోజుల్లోనే పరిచయమైంది జంపక్క. అడవి అంచున ఉన్న గూడెం ఆమెది. మిరపకోతలకు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చేది. ఒకనాడు గొడ్ల సావిడి వెనక ఒంటరిగా నిలబడ్డ భారతమ్మను చూసి, "రంది పెట్టుకున్నవా అక్కా?" అని అడిగింది. ఆ మాట భారతమ్మ అంతకుముందు వినలేదు. అయినా వినగానే అర్థమైపోయింది. బొటబొటా కన్నీళ్లు కారాయి. జంపక్క ఇంకేమీ అడగకుండా కొంగుముడి విప్పి తునికిపండ్లు చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి వాళ్లిద్దరూ ఒకరినొకరు 'అక్కా' అనే పిలుచుకుంటున్నారు. ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు.

రోజులు గడిచాయి. అత్తగారు కాలం చేసింది. కూతురు పద్మప్రియ పుట్టింది, పెరిగింది, పశువైద్యం చదివింది. ఈలోగా ఎక్కడి నుంచి వచ్చిందో గాని ఊళ్లోకి 'టెన్షన్' అనే మాట వచ్చిపడింది. పరీక్షకు ముందు వచ్చేదీ టెన్షనే, పిల్ల ఫోన్ ఎత్తకపోతే వచ్చేదీ టెన్షనే, చుట్టాలు వచ్చే వేళకు కూర మాడితే వచ్చేదీ టెన్షనే. భారతమ్మ నోరు తెరవబోతే చాలు, "టెన్షన్ పడకు భారతీ" అనేవాడు మొగుడు. "ఎందుకమ్మా ఊరికే టెన్షన్?" అనేది కూతురు. దవాఖానాకు పోతే అక్కడా అదే మాట. తన లోపల జరిగే వెయ్యి సంగతుల్నీ ఎవరో ఒకే గోతంలో కుక్కి మూతి కట్టేసినట్టు ఉండేది ఆమెకు. అయినా వేరే మాట ఏముంది? ఆమె కూడా అదే అనడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషికి, ఆ కూతురు ఒకరోజు ఫోన్ చేసి పెళ్లి సంగతి చెప్పింది.

పద్మప్రియ పై చదువుకు గువాహటి వెళ్లింది. అక్కడ తనతోపాటు చదివిన అబ్బాయి షాన్‌బోర్. ఊరు షిల్లాంగ్. మేఘాలయ కొండల్లో ఉండే ఖాసీ వాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ హైదరాబాద్‌లో ఒకేచోట ఉద్యోగం. చెంచురామయ్య కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆ అబ్బాయి ఒకసారి ఊరికి వచ్చాడు. వచ్చినరోజే దూడ అడ్డం తిరిగి ఈనలేక అల్లాడుతున్న గేదెను చూసి, చొక్కా విప్పి మట్టిలో బోర్లా పడుకుని దూడను బయటికి తీశాడు. పైకి లేచాక ఒళ్లంతా పేడా నెత్తురూ. పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, "ఆడదూడ, మామయ్యా" అన్నాడు. పద్మప్రియ నేర్పిన తెలుగు అది. చెంచురామయ్య బావి దగ్గర స్వయంగా నీళ్లు తోడి పోశాడు. పెళ్లికి ఒప్పుకున్నానని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు, మర్నాటి నుంచి ముహూర్తాల గురించి మాట్లాడాడంతే.

చిక్కంతా వియ్యపురాలితో వచ్చింది.

ఆవిడ పేరు ఐబాన్. భర్త పోయి చాలాకాలమైంది. షిల్లాంగ్‌లో ఉన్ని దుస్తుల కొట్టు నడుపుతుంది. తెలుగు రాదు సరే, హిందీ కూడా అంతంతమాత్రం. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు ఉంది. భారతమ్మకూ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషే ఉంది, కాకపోతే చాలా కాలంగా వాడలేదు. పిల్లలు మొదటిసారి వీడియో కాల్ కలిపి, ఇద్దరు తల్లుల్నీ ఎదురెదురుగా పెట్టి తప్పుకున్నారు. ఇద్దరూ చేతులు జోడించారు. ఇద్దరూ నవ్వారు. నవ్వడం అయిపోయాక ఏం చేయాలో తోచలేదు. చివరికి ఐబాన్, ఎలా ఉన్నారు, మనసెలా ఉంది అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

భారతమ్మ నిజాయితీగా జవాబు చెప్పింది. "టెన్షన్. ఫుల్ టెన్షన్. వెరీ హై టెన్షన్!"

ఐబాన్ ముఖం వాడిపోయింది. భారతమ్మ చెయ్యి గుండెల మీద పెట్టుకుని మళ్లీ నొక్కి చెప్పింది. "డైలీ!"

మర్నాడు తెల్లారేసరికి పద్మప్రియ ఫోన్. "అమ్మా, నీకు బీపీ అని చెప్పావా? అది కూడా రోజూ హై అన్నావట! హైపర్‌టెన్షన్ అనుకుని పాపం ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. ఉప్పు తగ్గించమని చెప్పమంది. పెళ్లి వాయిదా వేద్దామా అని అడుగుతోంది."

"అయ్యో రాత! నేను మనసు సంగతి చెబితే ఆవిడ నెత్తురు సంగతి అనుకుందా?" అంది భారతమ్మ. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. సాయంత్రం మేడమీదికి నడిచింది.

మేడమీది గదుల్లో శ్యామల కిరాయికి ఉంటోంది. మణుగూరు పిల్ల, ఊళ్లో హైస్కూలుకు ఇంగ్లీషు టీచరు. ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. సంగతంతా విని ముందు గట్టిగా నవ్వింది. భారతమ్మ ముఖం చూసి నవ్వు ఆపుకుంది.

"ఇంగ్లీష్‌ల టెన్షన్ అనే మాట ఉన్నది ఆంటీ. కాని మనం వాడినట్టు గట్ల అన్నింటికీ వాడరు. ఒక్కో దానికి ఒక్కో మాట ఉంటది."

"అయితే ఆ మాటలు నాకు చెప్పు తల్లీ. వాళ్లొచ్చేలోపు నేను ఆవిడతో సరిగ్గా మాట్లాడాలి."

మర్నాటి నుంచి పాఠాలు కల్లంలో సాగాయి. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరే పని నడుస్తోంది. బడి అయ్యాక శ్యామల కూడా వచ్చి చీరకుచ్చెళ్లు దోపుకుని కూచునేది. జంపక్క మధ్యలో కూచుని రెండు చేతులా ఏరుతూ, చెవి మాత్రం ఇటు వేసి ఉంచేది.

"వరీడ్ అంటే ఒక్క ముచ్చటే మనసుల తిర్గుడు ఆంటీ. బిడ్డ బస్సు దిగిందా, దిగలేదా, దిగిందా, దిగలేదా..."

"అది నాకు రోజూ ఉండేదే. తర్వాతది చెప్పు."

"గదాన్ని మేం ఫికర్ అంటం. తురకోళ్ల మాటనట, మా నాయిన చెప్పిండు" అంది జంపక్క.

"నెర్వస్ అంటే పని ముంగట పడ్డప్పుడు. నల్గురిల లేచి మాట్లాడాల్నంటే చేతులు చల్లబడ్తయ్, గొంతు ఎండుతది."

"గాభరా!" అంది భారతమ్మ.

"బుగులు!" అంది జంపక్క.

"మా గూడెం భాషల దీనికి ఇంకో మాట ఉన్నది గాని, మీకు నోరు తిరుగది" అని కూడా అంది. ఎంత బతిమాలినా చెప్పలేదు.

రెస్ట్‌లెస్ అంటే కాలు ఒక్కచోట నిలవకపోవడం. అప్‌సెట్ అంటే మనసు చెదిరిపోవడం. స్కేర్డ్ అంటే తిన్నగా భయమే. భారతమ్మ ఒక్కో మాటనూ నోట్లో నానబెట్టి, తన దగ్గరున్న మాటతో జతకలిపి, కుదిరితే తల ఊపేది. కుదరకపోతే వాదించేది. కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయని కూడా ఇంగ్లీషు వాళ్లు అంటారని శ్యామల చెప్పిననాడు కల్లంలో పని కాసేపు ఆగిపోయింది.

"గవి కడుపులకెట్ల పోయినయే?" అంది జంపక్క.

"ఆకలయి మింగిండ్రేమో" అంది వెనకనుంచి ఇంకో ఆమె. మిరప ఘాటుకో నవ్వుకో అందరి కళ్లూ నీళ్లతో నిండిపోయాయి.

మరోనాడు హోమ్‌సిక్ వచ్చింది. "హోము అంటే ఇల్లు, సిక్కు అంటే జబ్బు. ఇల్లు జబ్బుపడిందా?" అని అడిగింది భారతమ్మ.

"ఇల్లు కాదు ఆంటీ. ఇల్లు యాదికొచ్చి మనిషి జబ్బు పడ్డట్టయితది."

"ఓ, బెంగ!" అని జంపక్క వైపు చూసింది. జంపక్క ఏరుతున్న కాయల మీంచి తల ఎత్తకుండానే, "రంది" అంది. ఇద్దరికీ గొడ్ల సావిడి గుర్తొచ్చిందని శ్యామలకు తెలియదు.

వీటన్నిటికంటే భారతమ్మను పట్టుకున్నది చిన్నమాట ఒకటి. శ్యామల మామూలుగానే చెప్పుకుపోతోంది. "అన్‌ఈజీ అంటే, ఏం కాలేదు ఆంటీ. ఎవ్వరు ఏమనలే. ఏ నొప్పీ లేదు. అయినా లోపల ఏందో సక్కగ లేదనిపిస్తది సూడుండ్రి..."

భారతమ్మ చేతులు ఆగిపోయాయి. "ఏదోలా ఉండటం" అంది.

"అవ్. గదే."

"దానికి పేరుందా?"

"ఎందుకు లేదు ఆంటీ? అందరికి అయ్యేదే కదా."

అందరికీ అయ్యేదే. భారతమ్మ ఆ మాటను చాలాసేపు తలుచుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల దీపాలవేళ గడపలో నిలబడి చెప్పలేకపోయినది, ఎక్కడో సముద్రాల అవతలివాళ్లకు కూడా అయ్యేదే. ఒంట్లో బరువేదో దిగినట్టనిపించింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "మా అత్తగారుంటే ఇప్పుడు చెప్పేదాన్నే! కడుపునొప్పీ కాదు, కాలునొప్పీ కాదు, అన్‌ఈజీ అత్తయ్యా అని. ఆవిడ వెంటనే, అయితే దానికి వాము మంచిదేమో చూడవే అనేది."

ఆ రాత్రి భోజనాల దగ్గర చెంచురామయ్యతో, "ఏమండీ, ఇవాళ నాకు కొంచెం రెస్ట్‌లెస్‌గా ఉంది" అంది.

"టెన్షనా?"

"కాదు. అది వేరు, ఇది వేరు."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. పెళ్లివారు వచ్చేముందు రోజు, వంటింటి గుమ్మం దగ్గర అటూ ఇటూ తచ్చాడి, చివరికి అడిగాడు. "రేపు వాళ్లొస్తున్నారు కదా. నాకు పొద్దుటి నుంచీ మోకాళ్లలో పట్టు లేనట్టుంది. గొంతు తడారిపోతోంది. దీనికేం మాట?"

"నెర్వస్."

"అంతేనా? ఏదైనా జబ్బేమో అనుకున్నా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు.

అంతకు ముందే భారతమ్మ మరోసారి వియ్యపురాలితో ఫోన్‌లో మాట్లాడింది. ఈసారి తయారై కూచుంది. "నో బీపీ" అని మొదలుపెట్టింది. "లిటిల్ వరీడ్. లిటిల్ హ్యాపీ. వెరీ యాంగ్షస్ టు మీట్ యూ." ఈ చివరిదంటే ఆమెకు మహా ఇష్టం. యాంగ్షస్ అంటే భయంతో కొట్టుకోవడమూ అవుతుందట, చూడాలని ఆత్రపడటమూ అవుతుందట. తన బతుకంతా ఆ ఒక్క మాటలో పడుతుందనిపించింది. ఐబాన్ ఫోన్‌లో రెండు చేతులూ చరిచి, "మీ టూ! మీ టూ!" అని అరిచింది.

పెళ్లివారు వ్యానులో దిగారు. ఐబాన్, ఆవిడ తమ్ముడు, బంధువులు కొందరు. ఫిబ్రవరి ఎండకే వాళ్ల ముఖాలు ఎర్రబడ్డాయి. ఐబాన్ పొట్టిగా, గుండ్రంగా, బుగ్గలు పైకి తేలి ఉన్న మనిషి. భుజం మీదుగా గళ్ల గుడ్డ ఒకటి ముడి వేసుకుంది. భారతమ్మ ఎదురెళ్లింది. నేర్చుకున్న మాటల్లో ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. అంతలో ఐబాన్ సంచిలో చెయ్యిపెట్టి చిన్న ఆకుపొట్లం తీసి, రెండు చేతులతో అందించింది.

విప్పి చూస్తే తమలపాకు, సున్నం, వక్క.

"తాంబూలం!" అంది భారతమ్మ.

"క్వాయ్" అంది ఐబాన్. వాళ్ల కొండల్లో ఇల్లు తొక్కిన మనిషికి ముందు అది ఇవ్వనిదే మాట మొదలుపెట్టరని షాన్‌బోర్ చెప్పాడు.

తాంబూలం తెలియని ఇల్లా మనది అనుకుని భారతమ్మ మొత్తం నోట్లో వేసుకుంది. అయితే అది మన ఎండువక్క కాదు, ఊరబెట్టిన పచ్చివక్క. రెండు నములు నమిలేసరికి చెవులు వేడెక్కాయి. మెడ వెనక చెమట పట్టింది. ముఖం కందిపోయింది. పెళ్లిపందిట్లో పక్కమనిషి ఇద్దరు మనుషులుగా కనిపించాడు.

"భారతీ!" అని కేకపెట్టాడు చెంచురామయ్య. శ్యామల నీళ్లకు పరిగెత్తింది. పద్మప్రియ కుర్చీ లాగింది. ఐబాన్, "సారీ, సారీ" అంటూ తన గళ్లగుడ్డతో విసరడం మొదలుపెట్టింది. ఒకరు దవాఖానా అన్నారు, ఒకరు నిమ్మకాయ అన్నారు. అందరూ గోలగోలగా చుట్టూ తిరుగుతుంటే భారతమ్మ మాత్రం కుర్చీలో కూచుని తాపీగా నములుతోంది.

"నాకేం కాలేదు. బాగుంది. ఒళ్లు వెచ్చగా ఉంది" అని, ఎర్రటి నోటితో ఐబాన్ వైపు తిరిగి, "వన్ మోర్?" అంది.

ఐబాన్ నవ్విన నవ్వుకు పందిట్లో కట్టిన మామిడాకులు ఊగాయంటే అతిశయోక్తి గాని, వంటవాళ్లు గరిటెలు వదిలేసి బయటికి వచ్చిన మాట నిజం. ఆ సాయంత్రానికే ఐబాన్ 'వదినా' అనడం, భారతమ్మ 'కాంగ్' అనడం స్థిరపడింది. కాంగ్ అంటే వాళ్లలో అక్క.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం ఐబాన్ సరిగ్గా తినలేదు. వడ్డించిన విస్తరి ముందు కాసేపు కూచుని లేచిపోయింది. కారం ఎక్కువైందేమో అన్నాడు చెంచురామయ్య. ఎండదెబ్బేమో అంది పద్మప్రియ. "ఓకే, ఓకే" అంటోంది గాని ఆవిడ ఓకేగా లేదని భారతమ్మ ఒక్క చూపులో పట్టేసింది. ఆ విద్యలో ఆమెకు సాటి ఎవరు? వెతుక్కుంటూ వెళితే కల్లం పక్కన వేపచెట్టు నీడలో, మిరపకాయల ఎర్రటి రాశి వంక చూస్తూ ఒంటరిగా కూచుని ఉంది ఐబాన్.

భారతమ్మ పక్కన చతికిలబడింది. మెల్లగా అడగడం మొదలుపెట్టింది. "కాంగ్. వరీడ్?"

ఐబాన్ తల అడ్డంగా ఊపింది.

"నెర్వస్?"

"నో."

"అప్‌సెట్? చెంచురామయ్యగారు ఎనీ వర్డ్?"

"నో, నో!" అని చిన్నగా నవ్వింది.

"హోమ్‌సిక్?"

ఆవిడ విరిగిన ఇంగ్లీషులో, చేతుల సైగలతో, ఆగి ఆగి చెప్పుకొచ్చింది. వాళ్ల వైపు ఆడపిల్ల ఇల్లు వదలదు. పెళ్లయితే మగపిల్లవాడే భార్య వాళ్ల అమ్మ ఇంటికి వెళ్తాడు. పుట్టిన బిడ్డలకు తల్లి ఇంటిపేరే వస్తుంది. పద్మప్రియ ఈ సంగతి ఎప్పుడో చెప్పే ఉంటుంది, ఆ కంగారులో భారతమ్మ తలకెక్కలేదు. "టుమారో, మై సన్, యువర్ సన్" అంది ఐబాన్. చెయ్యెత్తి భారతమ్మ వాళ్ల ఇంటిని చూపించింది. "యువర్ హౌస్."

భారతమ్మ నోరు తెరిచింది. నెల రోజులుగా ఆమె ఏడుస్తున్నదీ అందుకే. కూతుర్ని రేపు వీళ్ల చేతుల్లో పెట్టాలి కదా అని పాత చీరల బీరువా దగ్గర, పాలగిన్నె దగ్గర, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇక్కడ చూస్తే ఈ తల్లి కొడుకును తనకు ఇచ్చేస్తున్నానని ఏడుస్తోంది!

"నో నో కాంగ్! మై డాటర్, యువర్ డాటర్! యూ టేక్!"

"నో, యూ టేక్! మై సన్!"

"యూ టేక్!"

"యూ!"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. అటుగా కాయలబుట్ట ఎత్తుకుని వస్తున్న జంపక్క భయపడి బుట్ట దించేసింది. "ఏందక్కా, ఏమైంది? పెండ్లి గిట్ల ఆగిందా?"

భారతమ్మ చెప్పింది. జంపక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరికి ఇద్దరు ఇచ్చుకుంటనే ఉన్నరు, తీసుకునేటోళ్లెవ్వరు మరి? ఆళ్లిద్దరేమో హైదరాబాదుల ఉంటిరి!"

ఈ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి భారతమ్మ చాలా తంటాలు పడాల్సి వచ్చింది. సగం చెప్పేసరికే ఐబాన్‌కు అర్థమైపోయింది. ముగ్గురు ఆడవాళ్లూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వులోనే ఏడ్చారు. ఐబాన్ కళ్లు తుడుచుకుని తన గుండె మీద వేలు పెట్టుకుని, దీన్ని మీరేమంటారు అన్నట్టు చూసింది.

"బెంగ" అంది భారతమ్మ.

"రంది" అంది జంపక్క.

"బెంగ. రంది" అని రెండూ పలికి చూసుకుంది ఐబాన్. తర్వాత లేచి, "హంగ్రీ" అంది. ఆ మాటకు ఎవరూ జతమాట వెతుక్కోలేదు. తిన్నగా వంటశాలకు నడిచారు.

పెళ్లి బాగా జరిగింది. జీలకర్ర బెల్లం వేళ షాన్‌బోర్ మేనమామ, అంటే ఐబాన్ తమ్ముడు, వాళ్ల ఆచారం ప్రకారం పెళ్లికొడుకు వైపు పెద్దమనిషిగా లేచి ఖాసీ భాషలో నాలుగు మాటలు ఆశీర్వదించాడు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ అక్షింతలు వేశారు.

అప్పగింతల దగ్గర మాత్రం పురోహితుడు ఒక నిమిషం ఆగాల్సి వచ్చింది. పళ్లెంలో పాలు పోశారు. అందులో పద్మప్రియ చేతులు ముంచి ఐబాన్ చేతుల్లో పెట్టారు. చెంచురామయ్య భుజాలు కదిలిపోతున్నాయి. అయిపోయిందనుకుని పురోహితుడు పళ్లెం తీయబోతే భారతమ్మ ఆపింది.

"ఉండండి. ఇంకొకటి ఉంది" అని, "రా నాయనా" అంటూ అల్లుణ్ణి ముందుకు పిలిచింది.

"అబ్బాయికి అప్పగింతలేమిటమ్మా? శాస్త్రంలో..." అన్నాడు పురోహితుడు.

"వాళ్ల శాస్త్రంలో ఉంది పంతులుగారూ."

పురోహితుడు చెంచురామయ్య వంక చూశాడు. చెంచురామయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, "కానివ్వండి. పాలు ఉన్నాయిగా" అన్నాడు.

షాన్‌బోర్ చేతులు పాలలో మునిగాయి. ఐబాన్ వాటిని పట్టుకుని భారతమ్మ చేతుల్లో పెట్టింది. భారతమ్మ ఆ పెద్ద చేతుల్ని, దూడను లాగిన చేతుల్ని, తన రెండు చేతుల్లోకి తీసుకుని తల ఊపింది. పందిట్లో కాసేపు అందరూ ఏడ్చారు. వంటవాళ్లలో ఒకడు కూడా ఏడ్చాడు. అడిగితే ఉల్లిపాయలన్నాడు.

సాయంత్రం గూడెం నుంచి జంపక్క మనుషులు డోళ్లతో వచ్చారు. ఇంటి ముందు ఖాళీ జాగాలో ఆడవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని వరుసకట్టారు. గూడెం పండుగల్లో పాడే రేల పాట ఎత్తుకున్నారు. అడుగు ముందుకు, అడుగు పక్కకు, మళ్లీ వెనక్కి. షాన్‌బోర్ మేనమామ ముందు నిలబడి చూశాడు, తర్వాత డోలు వాయించేవాడి పక్కన చేరాడు, ఆ తర్వాత డోలే అడిగి తీసుకున్నాడు. దెబ్బ వేరుగా పడింది. వరుస ఒక్క క్షణం తడబడి, నవ్వుకుని, ఆ కొత్తదెబ్బకే అడుగు మార్చుకుంది.

ఐబాన్ చెప్పులు విప్పి వరుసలోకి దూరింది. వాళ్ల కొండల్లో ఆడవాళ్లు పాదం నేల మీంచి ఎత్తీ ఎత్తనట్టు ఆడతారట. ఆవిడ అలాగే చిన్న చిన్న అడుగులతో జరుగుతుంటే, అటు పక్క జంపక్క పెద్ద అడుగులు వేస్తోంది. ఐబాన్ ఎడం భుజం ఖాళీగా ఉంది. భారతమ్మ వంక చూసి చెయ్యి చాపింది.

భారతమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నలుగురిలో ఆడలేదు. పట్టుచీర. మెడలో నగలు. బంధువులంతా చూస్తున్నారు. చేతులు చల్లబడ్డాయి, గొంతు ఎండింది. అది ఏమిటో ఆమెకు ఇప్పుడు మూడు మాటల్లో తెలుసు. కుచ్చెళ్లు పైకి దోపుకుని వెళ్లి ఆ భుజం కింద చేరింది.

"కాలు చూడకు అక్కా, పాట విను" అంది జంపక్క.

మొదటి అడుగు తప్పింది. రెండోది ఐబాన్ కాలి మీద పడింది. మూడోదో నాలుగోదో డోలుతో కలిసింది. పందిరి గుంజ దగ్గర నిలబడ్డ చెంచురామయ్య భార్య చెప్పుల్ని జాగ్రత్తగా ఒక పక్కకు జరిపి పెట్టి, తను కూడా చూస్తూ నిలబడ్డాడు. గోదావరి మీంచి గాలి వచ్చింది. పాట ఇంకా ముగియలేదు.